బ్యాంకు పేరు మీద వెళ్ళిన మిర్చి వ్యాగను

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ పైవాళ్ళు నన్ను రాతపూర్వకంగా చాలా ప్రశ్నలే అడిగారు. వాటిలో ఒకటి మాత్రం ఇప్పటికీ నోటికి వచ్చు. "ఈ బ్యాంకు మిర్చి వ్యాపారంలోకి దిగాలని మీరు ఎవరి అనుమతితో నిర్ణయించారు?" ఆ కాగితం చదివి ముందు నవ్వాను. తర్వాత ఏడుపొచ్చింది. ఆ పైన పట్టుకున్న కోపం, ఉద్యోగం విరమించి ఇన్నేళ్ళయినా పూర్తిగా దిగలేదు. కొత్తగా బ్యాంకుల్లో చేరిన పిల్లలు కనబడితే, "మీ కాలంలో పని హాయిగా ఉండేదట గదా మేడమ్!" అంటుంటారు. ఎంత హాయిగా ఉండేదో చెబుతాను, వినండి.

మాది జనగామ దగ్గరి పల్లె. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడి నా చదువు ఒక ఏడాది వెనకబడింది. ఖాళీగా కూర్చోలేక ఆ ఏడాది టైపు నేర్చుకున్నాను. చదువు ఇవ్వని ఉద్యోగం ఆ టైపు ఇచ్చింది. జనగామలో బ్యాంకు గుమాస్తాగా చేరి, కొన్నేళ్ళకు పరీక్ష రాసి ఆఫీసరునై మహబూబాబాద్‌కు బదిలీ అయ్యాను. మావాళ్ళెవరూ ఆ ఊరిని అంత పొడుగ్గా పిలవరు, మానుకోట అంటారు. మా ఆయన జనగామలో బడిపంతులు. వారమంతా నేను మానుకోటలో అద్దె గదిలో ఉండి, శనివారం రైలెక్కి ఇల్లు చేరేదాన్ని.

అప్పులు ఇచ్చే సీటులో ఆడమనిషి కూర్చోవడం ఆ బజారుకు కొత్త. వ్యాపారులు లోపలికి వచ్చి, నన్ను చూసి, నా వెనక గోడను చూసి, "సార్ లేడా అమ్మా?" అనేవాళ్ళు. "ఈ సీటుకు నేనే సార్‌ని, కూర్చోండి" అని చెప్పీ చెప్పీ నోరు నొప్పిపుట్టేది.

అసలు సార్ లోపలి గదిలో ఉండేవాడు. మా మేనేజరు. కోస్తా నుంచి వచ్చిన మనిషి. మంచివాడు, అంతకు మించి భయస్తుడు. సంతకం పెట్టాల్సి వస్తే కలం మూత తీసేవాడు, మళ్ళీ పెట్టేవాడు, కాసేపు కిటికీ బయటికి చూసేవాడు. చివరికి "మనకెందుకమ్మా ఈ గొడవ, పైకి రాద్దాం" అనేవాడు. ఆ పైనున్నవాళ్ళు ఇంకా పైకి రాసేవాళ్ళు. అంతకు పైన ఎవరున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

డెబ్భై తొమ్మిదిలో వానలు ముఖం చాటేశాయి. అదే ఏడు డీజిల్‌కూ కరువొచ్చింది. బంకుల ముందు లారీలు బారులు తీరి, డ్రైవర్లు వాటి కింద చాపలు పరుచుకుని నిద్రపోయేవాళ్ళు. ధరలు మండిపోయాయి. ధరలు దిగాలంటే వ్యాపారుల చేతికి అప్పు అందకూడదని ఢిల్లీలో ఎవరికో తోచింది. ఇచ్చిన అప్పులు లాగెయ్యండి, కొత్తవి ఇవ్వకండి అని ఉత్తర్వులొచ్చాయి. దాన్ని మేము క్రెడిట్ స్క్వీజ్ అనేవాళ్ళం.

ఈ కథ అర్థం కావాలంటే మిర్చి బజారు నడక ఒక్క ముక్క చెప్పాలి. రైతు తెచ్చిన మిర్చిని షావుకారు కొని గోదాములో పెడతాడు. ఆ గోదాముకు బ్యాంకు తాళం వేసి, లోపలి సరుకు మీద మేము అప్పు ఇస్తాం. దూరపు ఊళ్ళో కొనేవాడు దొరికితే తాళం తీసి సరుకును రైలెక్కిస్తాం. రైలువాళ్ళు ఇచ్చిన రసీదు మా దగ్గర పెట్టుకుని, దాని మీద కొత్త అప్పు ఇచ్చి పాత అప్పు తీర్చేసుకుంటాం. ఆ రసీదు మా అవతలి బ్రాంచికి వెళుతుంది. అక్కడ కొన్నవాడు డబ్బు కట్టి రసీదు తీసుకుని సరుకు విడిపించుకుంటాడు. ఇంతే. ఏళ్ళ తరబడి బండి చక్రంలా తిరిగిన వ్యవహారం.

స్క్వీజ్ ఆ చక్రంలో కర్ర పెట్టింది. రైలు రసీదుల మీద అప్పులు బంద్ అన్నారు. గోదాము అప్పులు వెంటనే వసూలు చేయాలన్నారు. అప్పు తీరేదాకా తాళం తీయొద్దన్నారు. మూడూ వేర్వేరు కాగితాల మీద వచ్చాయి. విడివిడిగా చదివితే మూడూ సబబుగానే కనిపిస్తాయి. కలిపి చదివినవాడు పైన ఎవడూ లేడు.

మరుసటి ఎండాకాలం నాటికి మానుకోటలో మా తాళాల వెనక మిర్చి బస్తాలు కప్పు దాకా ఉన్నాయి. అందులో ఒక గోదాము ఆ బజారులో పాతకాపు అయిన ఒక షావుకారుది. ముసలాయన, బక్కపలచటి మనిషి, మాట కారం. బ్యాంకు ఊరికే ఇచ్చే క్యాలెండరుకు కూడా రెండోది ఇవ్వమని బేరమాడేవాడు. ఆ ఏడు ఆయన చేతిలో నగదు ఆడక, రైతుల దగ్గర సగం సొమ్ము బాకీ పెట్టి సరుకు తీసుకున్నాడు. తండాల నుంచి వచ్చిన రైతులు పొద్దున్నే ఆయన దుకాణం మెట్ల మీద కూర్చుని, ఏమీ అనకుండా సాయంత్రం దాకా ఆయన్నే చూసేవాళ్ళు. తిట్టినా బాగుండేదని ఆయనే అన్నాడు నాతో.

ఒకరోజు నా ముందు కూర్చుని అడిగాడు.

"స్క్వీజ్ అంటే ఏందమ్మా?"

"పిండుడు, సేట్."

"నిమ్మకాయ పిండితె రసమన్న వస్తది. మమ్ముల పిండితె ఏమొస్తది? మాల్ లోపట్నే ఉండె, తాళం మీదాయె. జర తాళం తీయిరి, అమ్ముకొని మీ లోను కడత."

"లోను కడితే తాళం తీస్తం."

"తాళం తీస్తెనే గదా అమ్ముడు?"

"లోను కడితెనే గదా తాళం తీసుడు?"

ఆయనకు కోపం రాలేదు, నా మీద జాలిపడ్డట్టు తల ఊపాడు. "నీ తప్పు కాదులే బిడ్డా. నీకు గట్ల చెప్పమన్నరు" అన్నాడు. ఆ మాట నన్ను తిట్టినదానికన్నా ఎక్కువ కాల్చింది.

వరంగల్‌లో మా ప్రాంతీయ కార్యాలయం. నేను స్వయంగా వెళ్ళాను. అప్పుల విభాగం చూసే పెద్దాయన ఫ్యాను కింద కాగితాలు ఎగరకుండా గాజు బంతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"మిర్చి అమ్మి బాకీ కట్టమనండి" అన్నాడు.

"అమ్మాలంటే గోదాము తెరవాలి సార్."

"బాకీ కట్టాక తెరవండి."

"గోదాము తెరవకుండా ఆయన మిర్చి ఎట్లా అమ్ముతాడు సార్?"

"అది అప్పు తీసుకున్న పార్టీ సమస్య. మన సమస్య కాదు."

"వానలు మొదలైతే మిర్చి బూజు పడుతుంది సార్. అప్పుడు మన అప్పు వసూలు కాదు. అది మన సమస్యే."

ఆయన నన్ను తేరిపార చూసి, "మీరు వచ్చి ఎన్నాళ్ళయింది ఈ సీటుకు?" అని అడిగాడు. ఈ ప్రశ్న అడిగారంటే మాటలు అయిపోయాయని అర్థం. తిరుగు రైల్లో మానుకోట చేరేదాకా నాలో నేనే ఆయనతో వాదిస్తూ కూర్చున్నాను. ఆ వాదనలన్నిటిలో నేనే గెలిచాను.

ఇంతలో షావుకారు ఎలాగో కలకత్తాలో కొనే మనిషిని పట్టాడు. ధర పెద్ద గొప్పది కాదు గానీ, అప్పు తీరి, రైతులకు ఇచ్చి, కాస్త మిగులుతుంది. కలకత్తా వ్యాపారి షరతు ఒకటే. సరుకు తమ స్టేషనుకు చేరాలి, రసీదు మా కలకత్తా బ్రాంచిలో చూపాలి, అక్కడికక్కడే డబ్బు కడతాడు. ముందు మాత్రం పైసా ఇవ్వడు. ఆ ఏడు ఎవరి డబ్బు చూసినా ఎక్కడో ఒకచోట ఇరుక్కునే ఉంది. లారీకి డీజిల్ లేదు కనుక షావుకారు రైలు వ్యాగనుకు అర్జీ పెట్టుకున్నాడు. దాని కోసం స్టేషను చుట్టూ తిరిగి తిరిగి ఆయన చెప్పులు అరిగాయి. చివరికి వ్యాగను వస్తోందని కబురొచ్చింది.

ఆ కబురు విన్న సాయంత్రమే మా మేనేజరు సెలవు చీటీ రాశాడు.

"మా అత్తగారికి ఒంట్లో బాగోలేదటమ్మా. రెండ్రోజుల్లో వచ్చేస్తాను" అంటూ తాళంచెవుల గుత్తి నా చేతిలో పెట్టాడు. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "మీరు ఏ నిర్ణయమూ తీసుకోకండి. ఇలాంటప్పుడు అన్నిటికన్నా మంచి నిర్ణయం అదే" అన్నాడు.

మర్నాడు పొద్దున వ్యాగను గూడ్స్ షెడ్డు దగ్గర నిలబడింది. సాయంత్రంలోపు నింపకపోతే వెనక వరసలో ఉన్న ఖమ్మం వ్యాపారికి ఇచ్చేస్తారు. మళ్ళీ వ్యాగను ఎప్పుడు దొరుకుతుందో దేవుడికే తెలియాలి. అప్పటికి వానలు దిగుతాయి. షావుకారు హమాలీలను గోదాము ముందు కూర్చోబెట్టి బ్యాంకుకు వచ్చాడు. ఆ రోజు బేరం లేదు, కారం లేదు. నా ఎదురు కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడంతే.

వరంగల్‌కు ట్రంకు కాల్ బుక్ చేశాను. కలిసేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. గాజు బంతుల పెద్దాయన అంతా విని, "రాసి పంపండి, పరిశీలిస్తాం" అన్నాడు. "సార్, వ్యాగను స్టేషనులో ఉంది" అన్నాను. "అందుకే వివరంగా రాయండి" అన్నాడు. లైను కట్.

ఫోను పెట్టేసి, షావుకారును వెంటబెట్టుకుని గూడ్స్ ఆఫీసుకు నడిచాను. వ్యాగనును ఒక్క రోజు ఆపమని బతిమాలుకుందామని. గూడ్స్ గుమాస్తా నోట్లో పాన్, చేతిలో కలం. ఎవరి పరేషానీ ఆయనను కదిలించదని పేరు.

"ఒక్క రోజు ఆపుతరా?" అన్నాను.

"వ్యాగన్ నా బావమరిదా మేడమ్, ఉండుమంటె ఉండనీకె? నింపుతరా లేదా గది చెప్పున్రి." కాగితం ముందుకు లాక్కున్నాడు. "పంపెటోళ్ళ పేరు ఏం రాయాలె? పేరు లేకుంటె ఖమ్మపోళ్ళకు ఇచ్చేస్త."

"సేటు పేరు రాస్తే మాల్ సేటు చేతికి ఇచ్చినట్టు అయితది. ఆయన చేతికి ఇయ్యొద్దంటున్నరు. ఇయ్యకుంటే పంపలేడు. పంపకుంటే..."

"గదంత నాకెందుకు మేడమ్? ఒక్క పేరు చెప్పున్రి!"

పొద్దుటి నుంచి లోపల అణిచిపెట్టిందంతా ఒక్కసారిగా పొంగింది. "బ్యాంకు పేరు రాయండి!" అని అరిచాను.

ఆయన పాన్ నమలడం ఆపాడు. "అందుకునేటోళ్ళ పేరు?"

"అదీ బ్యాంకే. కలకత్తా బ్రాంచి."

"బ్యాంకే పంపుతది, బ్యాంకే అందుకుంటది?"

"రూలు ఒప్పుకోదా?"

"పేరు రాయాలె అని ఉంది. ఎవరి పేరు అని లేదు" అని కలం కదిపాడు.

కోపంలో అన్న మాట అది. కానీ ఆయన రాస్తుంటే నాకే తట్టింది, అది సరిగ్గానే ఉందని. షావుకారుకు సరుకు ఇవ్వొద్దన్నారు, ఇవ్వడం లేదు. అప్పు తీరేదాకా సరుకు బ్యాంకు చేతిలోనే ఉండాలన్నారు, ఉంటుంది. రసీదు మీద కొత్త అప్పు ఇవ్వొద్దన్నారు, ఎవరడిగారు? బ్యాంకు తన దగ్గరున్న సరుకును ఒక చోట నుంచి తీసి ఇంకో చోట పెట్టుకుంటోంది. నన్నూ గుమాస్తానూ మార్చి మార్చి చూసిన షావుకారు, "నా మిర్చికి నా పేరు గూడ లేదా?" అన్నాడు. "డబ్బు వస్తే మీ పేరు మీదనే వస్తది సేట్, నడవండి" అన్నాను.

తాళం తీసినప్పుడు రేకుల గోదాములోంచి ఎగిసిన ఘాటు వీధి చివరి దాకా పోయింది. హమాలీలు ముఖాలకు గుడ్డలు చుట్టుకున్నారు. నేను కొంగు ముక్కుకు అడ్డంపెట్టుకుని, కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే అక్కడే నిలబడ్డాను. పొద్దు వాలుతోంది, బస్తాలు ఇంకా చాలా ఉన్నాయి. అప్పుడు పక్క గోదాము యజమాని లుంగీ పైకి కట్టుకుని వచ్చి హమాలీలతో కలిసి మోయడం మొదలుపెట్టాడు. ముప్పై దాటని యువకుడు, తండ్రి పోయాక వ్యాపారం చేతికొచ్చి రెండేళ్ళు. అతని గోదాముకూ మా తాళమే వేలాడుతోంది. వ్యాగను తలుపు మూసి సీలు వేశాక చెమట తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, నా మాల్ గూడ గిట్లనే పంపుదమా?"

"చూద్దాం" అన్నాను. ఆ పూట నాకు ఏదైనా సాధ్యమే అనిపించింది.

మేనేజరు తిరిగొచ్చి విషయం విన్నాడు. ఒక గ్లాసు నీళ్ళు తాగాడు. ఇంకో గ్లాసు తాగాడు. "మనం... మిర్చి... పంపించామా?" అన్నాడు. తాళంచెవుల గుత్తి అడిగి తీసుకుని తన సొరుగులో పెట్టి, ఆ సొరుగుకు తాళం వేసుకున్నాడు.

వ్యాగను కలకత్తా చేరింది. వెంటనే అక్కడి మా బ్రాంచి నుంచి తంతి. "బ్యాంకు పేర వ్యాగను వచ్చినది. కారణమేమి?" ట్రంకు కాల్ చేశాను. లైనులో గరగర. అవతలి ఆఫీసరుకు నా ఇంగ్లీషు వినబడదు, నాకు ఆయనది అందదు. చివరికి హిందీలోకి దిగి, గొంతు చించుకుని "మిర్చీ! లాల్ మిర్చీ!" అని అరిచాను. హాల్లో డబ్బు కట్టడానికి వచ్చినవాళ్ళంతా తిరిగి చూశారు. ఆయన అడిగింది ఏమిటంటే, మిర్చికి డబ్బు వస్తే ఏ పద్దు కింద జమ చేసుకోవాలని. తమ బ్రాంచిలో మిర్చి పద్దు లేదట. "ఏదో ఒక చిల్లర పద్దులో వేసుకుని మాకు పంపండి" అన్నాను. రాసి పంపమన్నాడు.

కొనేవాడు డబ్బుతో సిద్ధంగా ఉన్నాడు. సరుకు స్టేషనులో ఉంది. మధ్యలో రసీదు మీద ఆ ఆఫీసరు సంతకం ఒక్కటే పడదు. రైలువాళ్ళు ఆలస్యానికి జరిమానా ఎక్కిస్తున్నారు. కాజీపేట దాటి ఎన్నడూ పోని మా షావుకారు అప్పుడు కలకత్తా రైలెక్కాడు. అక్కడ జరిగింది తిరిగొచ్చాక ఆయన చెప్పిందే, నేను సగమే నమ్మాను.

"మన ఉర్దూ అక్కడ మస్తుగ పనికొచ్చింది మేడమ్. రెండు దినాలు కూసున్న. సాబ్ కాగితాలు చూస్తనే ఉన్నడు. మూడో దినం నమూనా కాయల సంచి కౌంటర్ మీద కుమ్మరించిన. మీద ఫ్యాన్ తిరుగుతున్నది. ఒక్కొక్కడు తుమ్ముడే తుమ్ముడు. సాబ్ తుమ్ముకుంటనే సంతకం పెట్టిండు. ఎట్లనన్న నేను పోతె చాలన్నడు."

డబ్బు వచ్చింది. అప్పు వడ్డీతో సహా తీరింది. షావుకారు మెట్లు ఖాళీ అయ్యాయి, రైతులు తమ సొమ్ము తీసుకుని వెళ్ళిపోయారు. బాకీ తీరిన చీటీ తీసుకునేటప్పుడు ఆయన నాకు నమస్కారం పెట్టి, మళ్ళీ ఆ చీటీని వెలుతురుకు పట్టి వడ్డీ లెక్క సరిచూసుకున్నాడు.

కథ ఇక్కడ ఆగితే నేను ఇది రాసేదాన్నే కాదు.

కలకత్తా వ్యాపారి ఇంకో వ్యాగను సరుకు కావాలన్నాడు. పక్క గోదాము యువకుడు పరుగున వచ్చాడు. ఆ పొద్దునే మా బ్రాంచికి వరంగల్ నుంచి కాగితం వచ్చి ఉంది. ఇటువంటి పంపకాలు తక్షణం ఆపాలి, జరిగినదానికి బాధ్యులైన ఆఫీసరు వివరణ ఇవ్వాలి. మొదట్లో చెప్పాను గదా, ఆ ప్రశ్న అందులోదే. మేనేజరు ఆ కాగితాన్ని అతని ముందు పెట్టి, "చూడు బాబూ, మా చేతుల్లో లేదు" అన్నాడు. అతను నా వైపు చూశాడు. తాళంచెవి సొరుగులో ఉంది, సొరుగు తాళంచెవి మేనేజరు జేబులో ఉంది. మర్నాటి నుంచి వరంగల్‌కు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాను. కొనేవాడున్నాడు, మొదటి అప్పు పూర్తిగా వసూలైంది, ఇదీ అవుతుంది, అనుమతించండి అని. ఒక్కో ఉత్తరానికి ఒక్కో సందేహం తిరిగొచ్చేది. వాటితో పాటు వానలూ వచ్చాయి. నిరుడు బాకీపడ్డ వానలన్నీ ఆ యేడు కలిపి కురిసినట్టుంది. రేకుల సందుల్లోంచి నీళ్ళు కారాయి.

అప్పు గడువు దాటింది కనుక సరుకు వేలం వేయమని ఉత్తర్వు వచ్చింది. గమనించండి, అమ్మడానికి తీయని తాళం వేలానికి తీయొచ్చు.

వేలం రోజు తాళం తీసింది నేనే. కింది వరసల బస్తాలు బూజుతో ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఎర్రటి కాయ తెల్లబడి, గోధుమరంగుకు తిరిగింది. యువకుడు గుమ్మంలో నిలబడి లోపలికి రాలేదు. బజారు వ్యాపారులు వచ్చారు, చూశారు, ముక్కులు మూసుకున్నారు, చేతులు కట్టుకున్నారు. ధర పాడింది ఒక్కరే. మా ముసలి షావుకారు. కలకత్తా డబ్బులో మిగిలింది ఆయన చేతిలో ఉంది గదా. ఆయన పాడింది బజారు ధరలో పావు వంతు కూడా లేదు.

అందరూ పోయాక ఆయన్ను ఆపాను. "మీకు ఇది న్యాయమేనా సేట్? ఆ రోజు మీ బస్తాలు మోసిండు అతను."

"నాకు యాదున్నది."

"మరి?"

"గా ధరకు ఇంకొకడు కొంటున్నడా మేడమ్? నేను గూడ చేతులు కట్టుకొని నిలబడితె, పిలగాని నెత్తిమీద మీ బాకీ ఇంకింత మిగుల్తది. ఎక్కువ పాడితె నేను మునుగుత. ఏం జెయ్యమంటవు చెప్పు."

ఆయన మాటలో తప్పు కోసం వెతికాను. దొరకలేదు. దొరకనందుకు కోపం ఇంకా పెరిగింది. ఇంటికెళ్ళి ఆ శనివారం అన్నం తినకుండా పడుకుంటే, మా ఆయన "ఎవరి మీద కోపం?" అని అడిగాడు. చెప్పడానికి ఒక్క పేరు దొరకలేదు. ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టం అదే.

ఆ తర్వాత విచారణ. హైదరాబాద్ నుంచి ఒక అధికారి వచ్చాడు. బ్యాంకులు సరుకుల వ్యాపారం చేయకూడదన్న చట్టాన్ని నాకు చదివి వినిపించాడు. మేము అమ్మలేదు, కొనలేదు, మా దగ్గరున్న తాకట్టు సరుకును మా పేరుతో జరిపామన్నాను. "ఇంతకు ముందు ఎవరైనా అలా చేశారా?" అన్నాడు. లేదన్నాను. "అదే మా అభ్యంతరం" అన్నాడు.

మేనేజరును పిలిచి అడిగాడు. ఆయన నా వైపు చూడకుండా కలం మూత తీసి, పెట్టి, అన్నాడు. "నేను సెలవులో ఉన్నానండీ. నాకు తెలియదు. తెలిసి ఉంటే ఆపేవాణ్ణి." మళ్ళీ కలం మూత తీశాడు. "ఆపి ఉంటే ఆ అప్పు కూడా మునిగిపోయేది. అది కూడా రాసుకోండి."

నాకోసం అబద్ధమాడలేదు, తనకోసమూ ఆడలేదు. ఆ మనిషి మీద నాకున్న విసుగంతా ఆ రోజు సగమైంది. అధికారి ఆ చివరి మాట రాసుకున్నాడో లేదో నేను చూడలేదు.

నాకు హెచ్చరిక వచ్చింది, ఒక ప్రమోషను పోయింది. నేను పంపిన సరుకు అప్పు పూర్తిగా తీరింది. తాళం తీయని గోదాము అప్పులో వేలం వల్ల సగం కూడా రాలేదు. విచారణ మాత్రం తీరినదాని మీదే జరిగింది. రెండోదాని గురించి ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు, అక్కడ అన్నీ ఉత్తర్వుల ప్రకారమే జరిగాయి మరి.

కొన్నేళ్ళు అక్కడా ఇక్కడా తిప్పి నన్ను భూపాలపల్లికి పంపారు. చుట్టూ అడవి. బొగ్గు తవ్వుతారట అన్న కబురు పట్టుకుని దుకాణాలు ఒక్కొక్కటే లేస్తున్నాయి. అప్పటికి పైన గాలి తిరిగింది. స్క్వీజ్ పోయింది, టార్గెట్లు వచ్చాయి. చిన్న వ్యాపారులకు అప్పులివ్వండి, ఎందుకు ఇవ్వలేదో నెలనెలా కారణం రాయండి అని ఒకటే పోరు. ఎండలో దుకాణం దుకాణం తిరిగి "అప్పు తీసుకోండి బాబూ" అని అడుక్కున్నాను.

అలా తిరుగుతూ ఒక కిరాణా దుకాణం ముందు ఆగాను. గల్లాపెట్టె వెనక మానుకోట యువకుడు. చెంపల దగ్గర జుట్టు నెరిసింది. ఇక్కడ బామ్మర్ది ఉంటే వచ్చానన్నాడు. కుర్చీ వేసి, పక్క హోటలు నుంచి చాయ్ తెప్పించాడు. వేలం తర్వాత మిగిలిన బాకీకి ఇల్లమ్మి కట్టానని, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. నేను చాయ్ తాగడానికి చాలాసేపు తీసుకున్నాను. తర్వాత, వచ్చిన పని చెప్పాను. వడ్డీ తక్కువని, తాకట్టు అక్కరలేదని, వారంలో ఇప్పిస్తానని.

అతను నవ్వాడు. ఎగతాళి కాదు, నిజంగానే నవ్వొచ్చింది అతనికి. "అప్పుడు కాళ్ళు మొక్కితె లేదన్నరు. ఇప్పుడు వద్దంటె ఇస్తమంటున్నరు. నాకొద్దు మేడమ్. మీకు కోపం రావద్దు."

"నాకెందుకు కోపం?" అన్నాను. వచ్చింది, కానీ అతని మీద కాదు.

లేవబోతుంటే ఆపాడు. దుకాణం పైసలు ఇంట్లో పెట్టుకోవడం కష్టంగా ఉందట, ఒక పొదుపు ఖాతా తెరవాలని ఉందట. ఫారం సంచిలోనే ఉంది. నేనే నింపాను. వృత్తి అన్న చోట 'వ్యాపారం' అని రాయబోతుంటే అతను గల్లాపెట్టె మీదికి వంగి చూశాడు.

"కిరాణం అని రాయిరి చాలు. వ్యాపారం అని రాస్తె, మళ్ళ ఎవరన్న అప్పు ఇయ్యనీకె వస్తరు."